తలుపు తీయని ఇల్లు

మా మనవరాలిది సర్వే పని. ఊళ్లో ఎందరికి మోకాళ్ల నొప్పులున్నాయో తేల్చాలట. ఊరంతా తిరగాలంటే ఏళ్లు పడుతుందని, వీధుల పేర్లన్నీ చీటీలు రాసి, వాటిలో కొన్ని తీశారు. చీటీలో వచ్చిన వీధిలో మాత్రం ఒక్క గడపా వదలకూడదు.

ఆ సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది.

"వెనక వీధి అయిపోయింది అమ్మమ్మా, చివరి ఇల్లు తప్ప. ఎంత కొట్టినా తలుపు తీయరే! దాని బదులు నిన్ను రాసేసుకోనా? నీ మోకాళ్ల పురాణం నాకు కంఠతా వచ్చు."

"మన వీధి చీటీలో వచ్చిందటే?"

"రాలేదు."

"మరి నన్నెలా రాస్తావే? పద, నేనూ వస్తా."

"నువ్వు అక్కడికి చేరేసరికి తెల్లారుతుంది!" అని నవ్వింది గానీ, ఉసూరుమంటూ లేచింది.

వెళ్లి తలుపు కొట్టాం. చప్పుడు లేదు. అది వెనక్కి తిరగబోతుంటే చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టాను. మంచం దిగడానికి నాకెంతసేపు పడుతుందో నాకు తెలుసు కదా. చాలాసేపటికి లోపల కర్ర చప్పుడైంది. నా ఈడు మనిషే, గోడ పట్టుకుని ఆయాసపడుతూ గడియ తీసింది.

"ఇందాక వస్తున్నా వస్తున్నా అంటున్నా వినకుండా పోయారేం? అందరిదీ ఇదే వరస!" అని కసిరింది.

మనవరాలి మొహం వాడిపోయింది.

"నిన్నటి వీధుల్లో తీయని తలుపులన్నిటికీ 'ఇంట్లో లేరు' అని రాసేశాను అమ్మమ్మా. వాళ్లలో ఇలా లేవలేనివాళ్లు ఎందరో!"

"రేపు మళ్లీ తిరుగుదువులే. ముందు ఈవిడ మాట రాసుకోవే, పాపం నిలబడలేకపోతోంది."