రిటైరైనంక కూర్చోవలసిన కుర్చీ

నేను ఒక పడక కుర్చీని. పేరు చూసి నవ్వకండి. పడుకోవడానికి పనికొస్తానని ఆ పేరు పెట్టారు. ఎవరూ పడక, ఎవరికీ పడక, ఒక మూలన పడి ఉన్నాక ఆ పేరు నాకు మరీ బాగా అతికింది. నాకు చేతులున్నాయి కానీ ఎవరి ముందూ చాచలేదు. కాళ్లున్నాయి కానీ ఎవరి వెనకా తిరగలేదు. ఇంతటి ఆత్మగౌరవం ఉన్నవాళ్లకు ఏం జరుగుతుందో మీకు తెలుసు కదా, ఒడి ఖాళీగా ఉండిపోతుంది.

మాది నిర్మల్ వైపు టేకు వంశం. రామచారి అనే వడ్రంగి నన్ను కోసి, చిత్రిక పట్టి, నునుపు చేసి, వీపుకు మందపాటి చారల గుడ్డ బిగించాడు. చారి చేతిలో చారలు దిద్దుకున్నాను కాబట్టి నాదీ ఒక చరిత్రే అనుకున్నాను. నన్ను కొనడానికి ఖాకీ బట్టల్లో ఒక సన్నటి మనిషి వచ్చాడు. పేరు ఓదెలు, ఆర్టీసీలో కండక్టరు. చారి ఆయనకు ముందే చెప్పాడు.

"సారూ, ఇది చూసుకునే కుర్సీ కాదు, కూసునే కుర్సీ. మనిషి బరువు పడుతుంటెనే గుడ్డ సాగి నడుముకు కుదురుతది. ఊకె పెట్టినవనుకో, బిర్రుగ బిగుసుకొని మొండికేస్తది."

"గిప్పుడు కూసునేదెవరు చారీ? నేను కూసునేది రిటైరైనంక" అన్నాడు ఓదెలు.

కొత్తదాన్ని, లోకం తెలియదు. 'రిటైరైనంక' అనేది ఏదో ఊరి పేరనుకున్నాను. కండక్టరు గారు చెబుతున్నారు కదా, రెండు స్టేజీల అవతల ఉంటుందేమో, ఎంతసేపట్లో చేరతాం అనుకున్నాను. చెప్పొద్దూ, ఇప్పటికీ ఆ ఊరు రాలేదు.

ఓదెలు బతుకంతా నిలువు బతుకు. బస్సు నిండా సీట్లే, ఆయనకు మాత్రం సీటు లేదు. కండక్టరుకని వేసిన సీటులో ఎప్పుడూ ఎవరో ఒక బాలింత, ఎవరో ఒక ముసలమ్మ. ఎక్కిన వాళ్లను చూసి లేచి నిలబడే గుణం ఆయనది. పైనున్న రాడ్డు పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, గుంతకొక ఊపు ఊగుతూ నిలబడి సంపాదించాడు. సంపాదించినదంతా నిలవ చేశాడు. డబ్బు నిలవ ఉంటే పెరుగుతుంది, సుఖం నిలవ ఉంటే వాసన కొడుతుంది. ఈ తేడా ఏ బ్యాంకు వాళ్లూ ఆయనకు చెప్పలేదు.

నన్ను ఇంటికి తెచ్చి, చారి చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా గోడ పక్కన పెట్టాడు. ఆ ఇంట్లో ఆయనా, భార్య సత్తెవ్వా ఇద్దరే. పిల్లలు కలగలేదు. అందుకే ఆయనకు ముందురోజుల భయం.

"రేపు మనల్ని చూసెటోళ్లు ఎవరున్నరే? మన పైసలే మన పిల్లలు" అనేవాడు.

పిల్లల్ని గారాబం చేసేవాళ్లను చూశాను గానీ, ఇంత కట్టడిగా పెంచిన తండ్రిని ఇంకెక్కడా చూడలేదు. ఆ పిల్లలు గడప దాటి బయట ఆడుకోవడానికి వీల్లేదు. సత్తెవ్వ కాళేశ్వరం పోయి గోదావరిలో ఒక్క మునక వేసి వద్దామంటే "రిటైరైనంక." ఎండాకాలం ఒక కూలర్ కొందామంటే "రిటైరైనంక." సుఖాలన్నిటికీ వాయిదాలే. పాలసీ వాయిదా ఒక్కటే ఆయన ఏనాడూ వాయిదా వేయలేదు.

సత్తెవ్వ బీడీలు చుట్టేది. పొద్దున కాళ్లు మడిచి, చాట ఒడిలో పెట్టుకుని నేల మీద కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అదే కూర్చోవడం. తునికాకును కత్తిరించే ఆమె కత్తెర చప్పుడు, నా ప్లాస్టిక్ మీద ఫ్యాను గాలి చప్పుడు, పగలంతా ఆ ఇంట్లో మా ఇద్దరి సంభాషణ అదే.

ఒక సాయంత్రం ఆమె గోడ పట్టుకుని అతి కష్టంగా లేచింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన ఓదెలు నిలబడే బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఏమయ్యా, జరసేపు గా కుర్సీల ఒరగనా? మోకాళ్లు ఒకటే గుంజుతున్నై."

ఓదెలు నవ్వాడు. "నువ్వు రోజంతా కూసునే ఉంటవు గదనే! కుర్సీ కావాల్సింది నిలబడెటోనికి."

ఆ మాటలో విషం లేదు, ఒట్టు. కండక్టరు లెక్కలో లోకంలో రెండే జాతులు, సీటు దొరికిన వాళ్లు, నిలబడ్డవాళ్లు. ఆయన కళ్లకు భార్య మొదటి జాతి. సత్తెవ్వ చాటలో మిగిలిన ఆకు సర్దుకుంది. మళ్లీ ఆ మాట అడగలేదు. శుక్రవారం శుక్రవారం నా కవరు మీద దుమ్ము మాత్రం తుడిచేది. ఆ తడిగుడ్డ మోకాళ్ల ఎత్తుకు వచ్చేసరికి ఆమె చెయ్యి కాసేపు నా అంచు మీద ఆగేది. కుర్చీకి అంతకంటే పెద్ద సంభాషణ ఎవరు చేస్తారు?

ఎట్టకేలకు రిటైర్‌మెంట్ రోజు వచ్చింది. ఓదెలన్నకు సన్మానం ఆయన కుర్చీలోనే చేయాలని డిపో వాళ్లు పట్టుబట్టి నన్ను బస్సు టాపు మీద కట్టి తీసుకుపోయారు. కవరుతో సహా! ఆయన జోడీ డ్రైవరు యాకూబ్ ముందే రిటైరై స్కూలు వ్యాను నడుపుకుంటున్నాడు. చేతికొచ్చిన జీతం చేతిలో నిలవనివ్వని రకం. దండ పట్టుకుని వచ్చాడు.

"ఓదెలన్నా, టైరు అరిగితె రీ-టైరు చేసి మళ్ల బండికి ఎక్కిస్తరు. మనల్ని రిటైరు చేసి దించుతుండ్రు. గంతే ఫరక్!"

"నీకేందిరా, ఏం దాచుకోలే. ముసలితనంల ఏం చేస్తవ్?"

"ఏం దాచుకోలేదా? ఇగో చూడు" అని యాకూబ్ తన బొజ్జ మీద తట్టాడు. "తిన్న దావతులన్నీ ఈన్నే జమ."

అందరూ నవ్వారు. ఓదెలును నా ముందు నిలబెట్టి "కూసో అన్నా" అన్నారు. ఆయన వంగాడు. కవరు కిర్రుమంది. నా గుండె, అదే నా గుడ్డ, ఝల్లుమంది. సరిగ్గా అప్పుడే డిపో మేనేజరు వచ్చాడు. బతుకంతా లేచి సీటిచ్చిన ఒళ్లు కదా, ఓదెలు ఉలిక్కిపడి లేచాడు. "రండి సార్, కూసోండి" అన్నాడు. మేనేజరు కూర్చున్నాడు! సన్మానమంతా ఓదెలు షామియానా గుంజ పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, నిలబడే చేయించుకున్నాడు. కూర్చుకున్నవాడు ఒకడు, కూర్చున్నవాడు ఇంకొకడు.

ఇంటికి వచ్చాక కవరు మీదనే నాలో కూర్చోవడమైతే కూర్చున్నాడు. చారి మాట నిజమైంది. బిగిసిన గుడ్డ ఆయన నడుమును లోపలికి రానివ్వలేదు. పైగా ఊపు లేదు, గుంత లేదు.

"కడుపుల తిప్పుతున్నదే" అని లేచాడు. "ఇల్లు కదుల్తలేదు."

మర్నాటి నుంచి పొద్దున్నే బస్టాండుకు పోవడం, ఏ బస్సు ఎటు పోతుందో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూ సాయంత్రందాకా నిలబడడం. సత్తెవ్వ ఒక్కసారే అడిగింది.

"ఇగ రిటైరైతివి గద. కాళేశ్వరం పోదామా?"

"చేతగాని రోజులు ముందల్నే ఉన్నై. గప్పటికి పైసలు కావద్దా?"

చూశారా, ఊరు మళ్లీ ఒక స్టేజీ ముందుకు జరిగింది. అన్నాళ్లూ దాచిన పిల్లలు బ్యాంకులో క్షేమంగా ఉన్నారు. ఇంట్లో మాత్రం కత్తెరా, ఫ్యానూ, నేనూ.

తర్వాత సత్తెవ్వ కూడా రిటైరైంది. ఇక కాళ్లు మడిచి కూర్చోవద్దని డాక్టరు చెప్పాడు. బీడీ కార్ఖానాకు పోయి తన కార్డు అప్పగించి వచ్చింది. దండ లేదు, షామియానా లేదు. అక్కడ లెక్కలు రాసే మున్షీ "సరే" అన్నాడట. గుమ్మం దాకా తోడు వచ్చిన పక్కింటామెకు అంతే చెప్పింది. ఆ 'సరే' ఒక్కటే ఆమె సన్మానపత్రం.

ఇంట్లోకి వచ్చి కత్తెర తీసింది. కత్తిరించడానికి ఆకు లేదు. కాసేపు కత్తెరతో అలాగే నిలబడి, నా దగ్గరకు వచ్చి, కవరును పైనుంచి కిందిదాకా కోసింది. అన్నేళ్ల తర్వాత నా ఒంటికి గాలి తగిలింది. చారల మీద ఆమె అరచెయ్యి పెట్టింది. నేను ఒళ్లంతా ఒడి చేసుకుని ఎదురుచూశాను. రా తల్లీ, రా, ఎవరూ లేరు, ఏ మేనేజరూ రాడు.

ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగా ఒంగి, నేల మీద కూర్చుంది. కాళ్లు చాపుకుని, నా ముందరి కాలికి వీపు ఆనించి కళ్లు మూసుకుంది.

దీపాలవేళకు ఓదెలు వచ్చాడు. చీల్చిన కవరును చూశాడు, ఆమెను చూశాడు.

"గదేందే, కవరు తీసి కింద కూసున్నవు? కుర్సీల కూసోరాదు?"

సత్తెవ్వ కళ్లు తెరవలేదు. గొంతులో కోపం కూడా లేదు.

"ఎందుకయ్యా. రోజంతా కూసునే ఉన్న గద."

ఓదెలు చెయ్యి తనంతట తానే పైకి లేచింది, రాడ్డు కోసం. ఇంట్లో రాడ్డు ఎక్కడుంటుంది? గాలిని పట్టుకుని దిగింది.

"లే, రేపే కాళేశ్వరం పోదాం. కారు మాట్లాడ్త" అన్నాడు. మొదటిసారి ఆ నోటి వెంట 'రేపు' అనే మాట రేపటి తేదీ కోసమే వచ్చింది.

"గోదారిలకు మెట్లు దిగాలె గదయ్యా. ఈ మోకాళ్లతోని యాడ దిగుత?"

ఓదెలు, ఎవరో ఎక్కితే సీటిచ్చేవాడిలా పక్కకు జరిగి, గోడ పట్టుకుని, తిప్పలుపడి దిగి, నా రెండో కాలికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఆ పక్క ఆమె, ఈ పక్క ఈయన, మధ్యలో సీటు ఖాళీ.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఇంతే. ఆయన బస్టాండుకు పోవడం మానేశాడు. ఇద్దరూ నన్ను ఆనుకుని కూర్చుంటారు, మాటలు తక్కువ. ఎవరైనా వచ్చి కుర్చీలో కూర్చోవచ్చు కదా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నా చెక్కకు ఇద్దరి వీపుల వెచ్చదనం తెలుస్తుంది. పైన మాత్రం రామచారి బిగించిన చారల గుడ్డ ఇప్పటికీ బిర్రుగానే ఉంది.