వినికిడి మీద చిన్న పుస్తకం

వంద పేజీల్లో ఏదో ఒక విషయాన్ని పరిచయం చేసే పరదేశపు పుస్తకాలను ఆమె తెలుగులో అచ్చువేయిస్తుంది. ప్రూఫులు దిద్దేది ఆమె తండ్రి, రిటైరైన మాస్టారు. కొంతకాలంగా ఆయనకు సరిగా వినపడటం లేదు. ఆ మాటెత్తితే, "మీరే నోట్లో నోట్లో గొణుగుతున్నారు," అని కసురుకునేవాడు.

ఈసారి వినికిడి మీద పుస్తకం వచ్చింది. వినికిడి తగ్గినవాళ్లు ఏ దేశంలోనైనా ఎదుటివాళ్లే గొణుగుతున్నారని అనుకుంటారన్న వాక్యం దగ్గర ఆయన ఎర్రపెన్ను ఆగింది.

"ఇది నువ్వు ఇరికించావా, అమ్మడూ?"

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది. "లేదు నాన్నా. రాసినాయన మన మొహం కూడా ఎరగడు."

ఆయన ఆ వాక్యాన్ని మళ్లీ చదివి, ఒక కామా సరిచేశాడు.

"చెవి డాక్టరు దగ్గరికి ఎప్పుడెళ్దాం?" అన్నాడు తలెత్తకుండానే.

"ఈ సాయంత్రమే," అంది ఆమె గట్టిగా.

"అరవకు. వినపడుతూనే ఉంది."