మూడవ జత స్పీకర్లు

వానలు వెనుకపట్టి కాలువనీరు తేరుకొని పొట్టమీదనున్న వరిచేలపై మంచు పలుచగా బఱచుకొనిన యాశ్వయుజమాసపు వేకువను, ప్రాగ్దిశాసుందరీలలాటకుంకుమరేఖవలె సూర్యబింబము రైలుకట్ట వెనుకనుండి యించుక తొంగిచూచుచుండ, రేపల్లె పట్టణమందలి యొక డాబాయింటి ముందరిగదిలో మాణిక్యాంబ యను నఱువదియేండ్ల గృహిణి తన భర్త ప్రయాణమునకు సంచి సర్దుచుండెను. రెండు పంచెలును ఒక కండువయు రక్తపుపోటు మాత్రలును కట్టుడుపండ్లు నానవేయు డబ్బాయు నందుంచి వానిపై బట్టుగుడ్డలో జుట్టిన వ్రేలెడంత పెన్‌డ్రైవు నుంచెను. ప్రయాణమన్న నామెకు దడ. మాత్రలు మఱచితినేమో యని యొకసారియు జిప్పు తెగునేమో యని యొకసారియు సంచి విప్పి మరల గట్టెను.

"ఏమండీ! హైదరాబా దిప్పటికి రెండు పర్యాయములు పోయి వచ్చితిరి. ఇంటిలోని జత పలుకుచునే యున్నది గదా, మూడవ జత యేల?"

"పలుకుచున్నది! మీ తమ్ముని డోలు పలుకుచున్నది. నా సన్నాయి దోమవలె మూల్గుచున్నది. నీకు జెవులున్నవా?"

"ఉన్నవి గనుకనే యీ రెండునెలలనుండి మీ మాటలు వినుచుంటిని."

పెరటిలో పండ్లు తోముకొనుచున్న తమ్ముడు గురవయ్య యచటినుండియే కేకవేసెను: "బావా! నచ్చని స్పీకర్లు మార్చి యిచ్చెడివాడు నచ్చని కట్టుడుపండ్లును మార్చి యిచ్చునేమో యడిగి రమ్ము!"

కోటిలింగము నలువదియేండ్లు సన్నాయి వాయించి జిల్లాలెల్ల బేరు గాంచినవాడు. ముందరిపండ్లు రాలిన పిదప సన్నాయిపీక పెదవుల నడుమ నిలువక వాద్యమును ముట్టుట మానెను. శిష్యులందఱు గూడి గురుదక్షిణగా నేమి వలయునో కోరుకొనుడనగా, శాలువలు చాలును, మేలిరకపు స్పీకర్లు కావలయు ననెను. ముప్పదియేండ్ల క్రిందట నొక తిరునాళ్ళలో నెవరో టేపుమీద బట్టిన యొకగంట కచేరియే యాతని విద్యకు మిగిలిన సాక్ష్యము. దానినే శిష్యులు పెన్‌డ్రైవులోనికి ఎక్కించి యిచ్చిరి. ఆ కచేరిలో డోలు వాయించినవాడు గురవయ్య. భార్య గతించి బిడ్డలు లేక యతడు పదునైదేండ్లుగా వీరియింటి పెరటిగదిలోనే యుండెను. పుట్టినింటివారిలో మాణిక్యాంబకు మిగిలినవా డతడొక్కడే. బావయు బావమఱదియు బగలెల్ల దిట్టుకొని రాత్రి యొక్కచోట గూర్చుండి తినుట యాయింటి యాచారము. కాని స్పీకర్లు వచ్చినది మొదలు తిట్లలో నవ్వు తఱిగిపోవుచున్నదని యామె కనిపెట్టెను. ఈ పెట్టెల మూలమున వీరిరువురు విడిపోయినచో దన గతి యేమి? అదియే యామె భయము.

మొదటి జత దుకాణమున గంధర్వగానము పలికి యింటికి వచ్చి నీళ్ళతొట్టిలోనుండి యఱచినట్లఱచెను. ప్రతిధ్వని యణచుటకై మాణిక్యాంబ కుట్టుకొనిన బొంతలన్నియు గోడలకు మేకులతో గొట్టబడెను. దేవుని పటములు వంటింటికి దరలెను. బల్ల యీగోడ నున్న నొకస్వరము, ఆగోడ నున్న మఱియొకస్వరము అని కోటిలింగము దినమునకు నాలుగుమారు లామెచే దానిని జరిపించుచుండ నామె నడుము పట్టుకొనిపోయెను. అన్నియు జేసి చివర కా జత వలదనెను. రెండవ జత పొట్టిగా వెడల్పుగా బోషాణములను బోలిన చెక్కపెట్టెలు. వానిలో డోలు ఎడమమూత గుండెలోనుండి పలికినట్లు పలికెను. గురవయ్య పెట్టెపై నరచేయి యుంచి "అక్కా! ఇది నా చెయ్యే. ముప్పదియేండ్లకు నా చేతిని నేను వింటిని" అని కన్ను లొత్తుకొనెను. అది చూచినది మొదలు కోటిలింగమునకు నిద్ర లేదు.

ఈసారియు నతడు హైదరాబాదునుండి క్షేమముగా దిరిగి వచ్చెను. కార్తీకమున మూడవ జత లారీమీద వచ్చెను. నిలువెత్తు పెట్టెలు, వాని నడుమ సన్నాయి కొననుబోలి విచ్చుకొనిన యిత్తడిబూరలు. వానిలో సన్నాయి, ఉదయాచలశిఖరమునుండి దుముకు నిర్ఝరివలె, పండ్లున్ననాటి కోటిలింగము నట్టింట నిలిచి యూదినట్లు మ్రోగెను. దుకాణమువాడు రెండు జతలును బదిదినము లుంచుకొని వినుడనియు, నచ్చనిది త్రిప్పిపంపు డనియు గడువిచ్చెను. గడువు ముగిసిన మధ్యాహ్నమున దుకాణమువారి వాహనము వాకిట నిలిచెను. లోపల రెండు జతలమీదను ఒక్క కీర్తనయే పదునొకండవసారి మ్రోగుచుండెను.

"బావా! పందిళ్ళకు గట్టు బూరలను దెచ్చి నట్టింట నిలిపితివి. ఇక లడ్డువేలముపాట పాడింపుము."

"నీ బోషాణములలో నా సన్నాయి యేదిరా? పెండ్లికొడుకు లేని యూరేగింపు!"

"నీ బూరలలో నా డోలేది? సత్తుగిన్నెమీద గరిటె కొట్టినట్లున్నది."

"డోలు ప్రక్కవాద్యము. ప్రక్కనే యుండవలయును."

కలిసి వాయించిన యిన్నియేండ్లలో నా మాట కోటిలింగము నోట వచ్చుట యదియే మొదలు. గురవయ్య వంటింటివైపు దిరిగి "అక్కా! నీవు చెప్పుము. ఏ జత యుండవలయు?" అనెను. "ఔను, మీ యక్కయే చెప్పును. దాని మాటయే మాట" అని భర్తయు బలికెను.

మాణిక్యాంబ యా గంటలో నొక్కస్వరమును విని యెఱుగదు. పొయ్యిమీద బాలు కాగుచుండెను. పొట్టిపెట్టెలు రెండును వంటింటి గుమ్మమున కడ్డముగా నుంచబడియుండగా పిలుపు విని వానిని దాటి యీవలకు వచ్చెను. ఇంతలో బాలు పొంగిన వాసన వచ్చెను. మరల దాటబోవ బెట్టెమూల మోకాటికి దాకెను. పాలన్నియు బొయ్యిపాలయ్యెను. మూడునెలల విసుగు నొక్కసారిగా నామె నాలుకకెక్కెను.

"ఆ పొడుగువే యుంచుకొనుడు! ఈ పొట్టిపెట్టెలను ముందు తీసికొనిపొండు. నాకు నడువ దారి లేదు!"

కోటిలింగము కండువ దులిపి భుజముపై వేసికొనెను. గురవయ్య పొట్టిపెట్టెలను దానే యొకవైపు పట్టి వాహనమున కెక్కించెను. ఆ రాత్రి యతడు తన గదిలోనే భుజించెను.

మఱునాటి యుదయమున నతడు డోలునకు గుడ్డతొడుగు వేసి చేతిసంచితో వాకిటికి వచ్చెను. చీరాల మేళమువారు పిలిచిరనియు, పెండ్లిండ్లు ముగియగానే వచ్చెద ననియు జెప్పెను. మాణిక్యాంబ తడిచేతులతో బరుగెత్తి యతని సంచి పట్టుకొనెను.

"ఓరి గురవా! నేను పాట వినలేదురా. పాలు పొంగినవి. గుమ్మమున కడ్డముగా నున్నవని యంటినే గాని నీ డోలు వలదంటినా?"

గురవయ్య నవ్వెను. "నాకు దెలియదా యక్కా! నీకు కుడిచెవి సగమే వినబడును గదా. కాని బావకు రెండు చెవులును ఉన్నవి." సంచి మెల్లగా విడిపించుకొని, "మోకాటికి ఆముదము రాచుకొనుము" అని చెప్పి పోయెను.

మూడుదినములు కోటిలింగము బూరల యెదుట గూర్చుండి తన సన్నాయిని దాను మెచ్చుకొనెను. నాలుగవనాడు, సన్నాయి యాగి డోలొక్కటియే పావుగంట పలుకు భాగము వచ్చినపుడు కుర్చీలో నిటునటు గదలి లేచి యాపివేసెను. భార్యవైపు దిరిగి, "ఈ బూరలు పనికిరావే. ఆ పొట్టిజతనే తెప్పింతము" అనెను. మాణిక్యాంబ చేతిలోని చేట నేలపై విసరికొట్టి "తెప్పింపుడు! గోడలకు మఱి నాలుగు మేకులు కొట్టుడు! వాయించిన మనిషి నే దుకాణమువాడు మార్చి యిచ్చునో కనుగొనుడు!" అని యఱచి, యఱచినందులకు భయపడి యేడ్చెను.

అతడు దుకాణమునకు ఫోను చేసెను. ఆ జతను వేఱొకరు కొనిరి. చీరాలకు జేసెను. గురవయ్య యొక మేళముతో నెల్లూరివైపు పోయెనని వారు చెప్పిరి. నెల్లూరికి జేయగా నచటినుండి యెటు పోయెనో తెలియదనిరి. కంటితో జూచిన దానిని మనుష్యుడు రెండుసార్లు చూచి నమ్మును గాని, విసుగున బలికిన మాట నెదుటివా డొక్కసారియే విని నమ్మును.

గురవయ్య విలంబినామ సంవత్సర కార్తీక బహుళ పంచమినాడు ఉదయము తొమ్మిదిగంటల బస్సులో బోయెను. మరల రాలేదు.