కాలికి ఎర్రదారం ఉన్న పిట్ట

సిద్దిపేట చుట్టూ పది ఊళ్లలో పిట్టలను నాకన్నా బాగా ఎరిగినవాడు పుట్టలేదు. వానలు వెనకబట్టగానే ఎక్కడినుంచో వచ్చే తోకూపుడు పిట్ట ముందు మా వాకిట్లో వాలి, నన్ను పలకరించి, తర్వాతే చెరువు గట్టుకు పోయేది. ఏటా వచ్చేది అదేనని గుర్తుపట్టేందుకు దాని కాలికి దుబ్బాక మగ్గాల ఎర్రదారం కట్టాను.

ఆ పిట్ట దిగితే ఇక పెద్దవాన లేదని లెక్క. అప్పుడే నల్లరేగడిలో శనగలు విత్తేవాళ్లం. తొందరపడితే విత్తనం మురిగిపోతుంది. పోలీసు చర్యకు ముందటి ఏడు మా ఇంట్లో మిగిలింది ఒక్క గంపెడు శనగలు. అవి పోతే చేను బీడే.

చిత్తకార్తెలో ఒక పొద్దున వాగులో రాయి మీద తోక ఊపుతూ, ఈల వేస్తూ కనబడింది. ఇంటికి ఉరికాను.

"దిగిందే కొండవ్వా! గంప తియ్యి!"

నా పెళ్లాం లేవలేదు. "రంగెట్లున్నదయ్యా?"

"నలుపు తెలుపు. కంటి మీద తెల్లగీత."

"గది మనూరి పిట్టనే. ఎండకాలం గూడ గాడనే ఉంటది. వచ్చేటిది గింతంత, కడుపు కింద పసుపుంటది."

"పిట్టల సంగతి నాకే చెప్తవా?"

పక్కింటి ఉప్పలయ్య గోడ మీదినుంచి తొంగిచూశాడు. "రాజనర్సన్నా, కాలికి దారం ఉన్నదా మరి?"

"ఉన్నది! నా కండ్లతోని చూసిన!"

అన్నాక వెనక్కి ఎట్లా తగ్గను? కొండవ్వ లోపలికి పోయి గంప తెచ్చి ఇచ్చింది. ఆ రోజే విత్తేశాను. నాలుగోనాడు మొదలైన వాన మూడు రోజులు వదల్లేదు. నాగటి చాళ్లలో కప్పలు సంసారాలు పెట్టాయి. శనగలు ఉబ్బి, కుళ్లి, కంపు కొట్టాయి.

పది రోజులకు వాకిట్లో చిన్న పిట్ట వాలింది. కడుపు కింద పసుపు. నా వైపు చూడనైనా చూడలేదు.

కొండవ్వ అటక మీదినుంచి ఒక కుండ దించింది. నిండా శనగలు!

"నీ గంపల పోసింది సగమేనయ్యా. పో, ఇప్పుడు విత్తు."

ఎగిరే పిట్ట కాలికి దారం చూసినవాణ్ని, చేతిలో గంప సగం వెలితిగా ఉన్నది చూడలేదు. ఆ కుండే మా చేనును సగమన్నా పచ్చగా నిలబెట్టింది. మరుసటి ఏడు నుంచి ఉప్పలయ్య సైతం విత్తే ముందు, "వదినా, దిగిందా?" అని కొండవ్వనే అడిగేవాడు.

ఇందులో వాన నిజం, కుండ నిజం, నా తెలివీ నిజమే. ఎర్రదారం ఒక్కటే నేను అల్లింది. పిట్ట చేతికి చిక్కితే కదా, కట్టేది!