రెండు చీట్లలోనూ ఒకే మాట

దేవుని సన్నిధిలో ఉంచిన రెండు చీట్లలోనూ నేను ఎంపీసీ అనే రాశాను.

నా మనుమరాలు అలేఖ్య పదో తరగతి ముగించింది. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న వివాదం ఎల్బీనగర్‌లోని మా ఇంట్లో పది రోజులుగా నడుస్తున్నది. ఆమె కోరిక పురావస్తు శాస్త్రం. ఇంటర్‌లో చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం కలిసిన హెచ్ఈసీ, ఆపైన చరిత్రలో డిగ్రీ, తరువాత తవ్వకాలు, శాసనాలు. ఆ కోరికకు మూలం నేనే. మూడేండ్ల క్రితం పోచంపల్లి వైపు ఒక పల్లెలో, గుడి వెనుక పడి ఉన్న శాసనపు రాతిపై ముగ్గుపిండి రాసి, తేలిన అక్షరాలను ఆమె చేత ఒక్కొక్కటిగా కూడబలికించి, అందులో ఏమున్నదో చదివి చెప్పాను.

నా కుమారుడు నరేష్‌కుమార్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. “గా రాళ్లు చదివి ఏం జేస్తవే? ఫస్టు ఎంపీసీ తీస్కొని ఇంజనీరింగ్ చెయ్. తర్వాత నీకిష్టమొచ్చినన్ని రాళ్లు చదువుకో,” అన్నాడు.

“రెండేండ్లు పొద్దుమాపు లెక్కలే చేపిస్తరు డాడీ. శాసనాలు ఎప్పుడు నేర్చుకుంట? చీరలమ్మనీకి నువ్వు ఫిజిక్స్ చదివినవా?”

“చదవకనే చీరలమ్ముతున్న!”

నా భార్య భాగ్యమ్మ నవ్వాపుకోలేకపోయింది. “ఇద్దరికిద్దరే. ఏందయ్యా, దేవుని ముంగట చీట్లెయ్యరాదు? పెండ్లిళ్లకే ఏసినం, గిదేమన్న పెద్దదా?”

అది మా ఇంటి ఆచారం. ఎటూ తేలని సంగతిని రెండు చీట్లపై రాసి, మడిచి, మార్కండేయస్వామి పటం ముందు పెట్టి ఒకటి తీస్తాము. వచ్చినదానికి ఎవరూ ఎదురు చెప్పరు. రాసే అధికారం నాది. ముప్పై ఏండ్లు తెలుగు పండితునిగా పనిచేసి, నేటికీ శనివారాలు కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడిలో పురాణం చెప్పే వాణ్ణి. నా చేతిని అనుమానించే ఊహ ఎవరికి వస్తుంది?

ఎందుకు చేశానో చెప్పాలి. నేను పనిచేసిన బడిలో పరీక్షలు దగ్గరపడగానే నా తరగతులను తీసి లెక్కల మాస్టారికి ఇచ్చేవారు. నేను వరండాలో కూర్చొని హాజరు పట్టీలు సరిచూసేవాణ్ణి. ఆ చులకన అలేఖ్యకు రాకూడదనుకున్నాను. భగవంతుని పేరు మీద అబద్ధమాడుతున్నానని ఆ క్షణంలో తోచలేదంటే అది రెండవ అబద్ధమవుతుంది. తోచింది. అయినా రాశాను.

శుక్రవారం ఉదయం అలేఖ్య తలస్నానం చేసి వచ్చి, కళ్లు మూసుకొని ఒక చీటీ తీసింది. విప్పి చాలాసేపు చూసింది. రెండవ దాన్ని నేను అప్పటికే పూలతో పాటు దోసిట్లోకి తీసుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవకుండా నా కాళ్లకు మొక్కింది.

మధ్యాహ్నం నా గదికి వచ్చి మెల్లగా అడిగింది: “తాతా, దేవునికి ఇష్టంలేనిదాన్ని గిన్నేండ్లు కోరుకున్న గదా. పాపమైతదా?”

“కాదు బిడ్డా,” అన్నాను.

మరునాడు గుడిలో వ్యాసపీఠం ముందు కూర్చున్నాను. శ్లోకం సాగింది. తాత్పర్యం చెప్పబోయి పుస్తకం మూసేశాను. ముందు వరుసలోని అండాలమ్మ, “పంతులుసారుకు పానం బాగలేనట్టుంది, జర నీళ్లియ్యుర్రి,” అన్నది. ఆ నీళ్లు ముట్టే యోగ్యత నాకు లేదనిపించి లేచి వచ్చేశాను. సోమవారం అలేఖ్యను ఎంపీసీలో చేర్చవలసి ఉంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో హెచ్ఈసీ దరఖాస్తులకూ అదే కడపటి రోజు.

ఆ రాత్రి అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పాను. “రెండు చీట్లల్ల నేను ఎంపీసీనే రాసిన.”

భాగ్యమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “ఛీ, ఏం మనిషివయ్యా! దేవుని ముంగటనా?”

“చెప్పకపోతే ఏమైతుండె నాయినా,” అని గొణిగి, నరేష్ తేరుకున్నాడు. “సరే, మల్ల ఏద్దాం. ఈసారి అమ్మ రాస్తది.”

“నాకు రాయొస్తదారా?”

“చీట్లొద్దు,” అన్నది అలేఖ్య. “దేవుడు ఏం చెప్పలే. చెప్పింది తాత.” నా వైపు తిరిగింది. “మరి గా రాయి మీద ఉన్నదని నువ్వు చదివి చెప్పింది? గదన్న నిజమేనా?”

“నిజమే బిడ్డా.”

“నాకెట్ల తెలుస్తది? నేనే నేర్చుకొని చదవాలె.”

నరేష్ కంచం పక్కకు జరిపి, “నాయినే గిట్ల చేసినంక నేను ఏ మొఖంతోని దీన్ని ఆపాలె? హెచ్ఈసీనే తీసుకోమను. నేనైతే రాను. చెడగొట్టినోనివి నువ్వే తీస్కపో,” అన్నాడు.

సోమవారం కళాశాలలో అలేఖ్య దరఖాస్తు నింపుతూ రెండవ భాష అన్న గడి దగ్గర ఆగింది. “తెలుగా, సంస్కృతమా?” అని అడిగింది గుమస్తా.

శాసనాలకు రెండూ కావాలి. తెలుగు నా వద్ద నేర్చుకోవచ్చు, సంస్కృతం రాయమ్మా అని చెప్పబోయాను. నన్నడగకుండా ఆ పిల్ల ఇంతవరకు ఏ కాగితమూ నింపి ఎరగదు.

ఆమె నా వైపు చూడలేదు. “మేడం, ఈడ సంస్కృతం సార్ ఉన్నరా? ఒకసారి అడిగి రాస్త,” అన్నది.

గుమస్తా వరండా చివరి గదిని చూపింది. అలేఖ్య ఒక్కతే అటు నడిచింది. నేను ఆమె సంచి పట్టుకొని నిలబడ్డాను.