రూబీ ప్రశ్నలడిగే తీరు

ఆత్మకూరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో రూబీ ఉద్యోగం ప్రశ్నలు అడగడం. అక్కడ కొత్త ఉబ్బసం మందు మీద పరిశోధన జరుగుతోంది. మందు పనిచేస్తోందో లేదో రూబీ ప్రశ్నలూ, ఊదే మిషనూ కలిసి తేల్చాలి. జబ్బు అదుపులో లేదని తేలితే డాక్టర్ సైమన్ ఆ మనిషిని పరిశోధనలోంచి తప్పించి, బాగా తెలిసిన మందు పెడతాడు. కాగితంలో ప్రశ్న ఎలా ఉంటే అలాగే చదవమని ఆయన మొదట్లోనే గట్టిగా చెప్పాడు.

రూబీకి నోరు రాలేదు. ఆయాసంతో ఎన్ని రాత్రులు మేలుకున్నావని పెద్దవాళ్ళను మొహం మీద ఎలా అడుగుతారు? చెడు కోరినట్టుండదూ! అందుకని వీధిలో పలకరించినట్టే అడిగేది.

"నిద్ర బాగానే పడతా ఉండాది కదా మామా?"

"అల్లా దయవల్ల బాగుండాది పాపా," అనేవాడు ఉదయగిరి నుంచి వచ్చే లాల్ బాషా.

"పని కూడా జరగతా ఉండాది కదా?"

"జరగతా ఉండాది."

ఆ జవాబులకు కాగితంలో మార్కులు బ్రహ్మాండంగా పడేవి. ఎంత కలుపుగోలు పిల్లో అని అందరూ మెచ్చుకుంటే రూబీ మురిసిపోయేది.

ఈసారి పరీక్షకు లాల్ బాషా రాలేదు. మందు అయిపోయి ఉంటుందని, మందు పీల్చే కొత్త పంపు సంచిలో వేసుకుని రూబీయే ఉదయగిరి బస్సెక్కింది.

చెక్క గరిటెలు చేసే ఇల్లు అది. వసారాలో కూతురు నగ్మా ఆకురాయితో గరిటె కాడను అరగదీస్తోంది. లోపల లాల్ బాషా మోకాళ్ళ మీద చేతులు మోపుకుని గాలికోసం కొట్టుకులాడుతున్నాడు. రూబీని చూసి నవ్వబోతే దగ్గు వచ్చింది.

"ఎప్పట్నుంచి ఇట్లా ఉండాడు?" రూబీ కంగారుగా అడిగింది.

"ఎప్పుడూ ఇంతేక్కా. పడుకుంటే ఊపిరాడదని కూర్చోనే నిద్రపోతాడు. పని మానేసి చానా కాలమాయ. అంతా నేనే చేస్తా ఉండా."

"మరి మిషన్‌లో బాగానే ఊదినాడే!"

"బస్టాండులో దిగంగానే, ఆయాసం అప్పటికప్పుడు తగ్గించే నీలం పంపు పీల్చుకుంటాడు. డాక్టరు ముందర రొప్పితే ఏం మర్యాద అంటాడు."

ఇన్నాళ్ళూ ఈయన్ను మంచి మందుకు దూరం చేసింది తన తీపి మాటలే. రూబీకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని ఈసారి సూటిగా అడిగింది.

"మామా, పోయిన వారంలో ఆయాసంతో ఎన్ని రాత్రులు మేలుకున్నావు?"

"అన్ని రాత్రులూ."

"పని ఏమన్నా చేయగలిగినావా?"

"లేదు పాపా." ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ముందే ఇట్లా అడిగుంటే చెప్పేవాణ్ణి కదమ్మా. బాగుండాది కదా అని నువ్వు అంత ఆశగా అడిగితే, లేదని ఎట్లా అనేది?"

రూబీ కళ్ళు తుడుచుకుంటూనే నగ్మాను ఆటో కోసం పంపి, సైమన్‌కు ఫోన్ చేసింది.

"వెంటనే తీసుకురా," అన్నాడాయన. "పోయినసారి కూడా బాగున్నాడే, ఉన్నట్టుండి ఏమైంది?"

"ఉన్నట్టుండి కాదు సార్. మొదట్నుంచీ ఇంతే. నేనే సరిగ్గా అడగలేదు."

అవతల సైమన్ కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"మరి మిగతావాళ్ళను ఎట్లా అడిగావు?"

"వాళ్ళనూ బాగుండాది కదా అనే అడిగినాను సార్."