ముక్కు మేస్త్రీ

షెడ్డులో అందరూ ఆయన్ని ముక్కు మేస్త్రీ అనేవారు. పెట్రోలు ఎక్కడ కారుతున్నా బానెట్ ఎత్తకముందే వాసన పట్టి చెప్పేసేవాడు మరి. అలాంటి మనిషికి, సొంత కారులోనే పెట్రోలు వాసన వస్తోందని భార్య అంటే ఒళ్లు మండదూ?

"నలభై ఏళ్ల సర్వీసు నాది. నాకు రాని వాసన నీకొస్తుందా?" అంటూ ఆరు నెలలు ఆమె నోరు మూయించాడు. ఆమెకేమో కారెక్కితే చాలు, కడుపులో తిప్పి వాంతయ్యేది. చివరికి ఎక్కడమే మానేసింది. పోయిన నెల అక్కకు ఊపిరాడటం లేదని కబురొచ్చినప్పుడు కూడా బస్సుకే పరుగెత్తింది. రెండు బస్సులు మారి చేరేసరికి అక్క లేదు. అప్పట్నుంచి ఇంట్లో ముక్తసరి మాటలే.

ఇవాళ పొద్దున ఆయనకే మనసాగలేదు. కారు రాత్రంతా ఆరుబయటే ఉంది, ఇంజను చల్లగా ఉంది. ఫోను ఇంట్లో పెట్టి, "కాసేపు స్టవ్ వెలిగించకు" అని వంటింట్లోకి కేకేసి, పెట్రోలు ట్యాంకు మూతను మెల్లగా తిప్పాడు. బుస్సుమని ఆవిరి రావాలి. చప్పుడే లేదు. మూత లోపలి రబ్బరు రింగు ఎండిపోయి బీటలు వారింది. గోరు తగలగానే ముక్క ఊడొచ్చింది.

అలవాటు కొద్దీ ట్యాంకు దగ్గరికి ముక్కు తీసుకెళ్లాడు. కళ్లు మండాయి, తల తిరిగింది, వాసన మాత్రం తెలియలేదు. ఎప్పుడు చచ్చిందో ఏమో ఆ ముక్కు! దాన్ని నమ్ముకునే కదా ఇన్నాళ్లూ ఆమె మీద ఎగిరిపడ్డాడు. సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాడు.

పాత మూతే మళ్లీ పెట్టి, దాని మీది నంబరు రాసుకుని, నడిచివెళ్లి అదే రకం కొత్తది తెచ్చాడు. ట్యాంకు అంచును పొడిగుడ్డతో తుడిచి, టక్కుమనేదాకా బిగించాడు. డోర్లన్నీ బార్లా తెరిచి సాయంత్రం దాకా గాలి ఆడనిచ్చాడు.

"ఒకసారి వచ్చి వాసన చూస్తావా? నాకు తెలీట్లేదే" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి. పెళ్లయ్యాక ఇలా అడగడం ఇదే మొదలు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది. రెండుసార్లు గట్టిగా పీల్చింది.

"లేదండీ. పోయింది."

"తప్పంతా నాదే. నీ మాట వినాల్సింది" అన్నాడు. "ఎక్కడికెళ్దామో చెప్పు. ఎంత దూరమైనా తీసుకెళ్తా."

ఆమె ముందున్న రోడ్డు వైపు చూసింది.

"అక్క ఉండుంటే చెప్పేదాన్నండీ" అని మెల్లగా దిగి లోపలికి వెళ్లిపోయింది.